మీకు తెలుసా? స్పీడ్ కెమెరాను కనిపెట్టింది రేసు డ్రైవరే!

రాయదుర్గం రోడ్ల మీద స్పోర్ట్స్ కారు కనిపించడం వాన పడ్డంత అరుదు. ఇక్కడ తిరిగేవన్నీ జీన్స్ మూటల ఆటోలు, శనక్కాయల ట్రాక్టర్లు, గొర్రెల మందలు. అయినా వేగం సంగతి మనకు పరాయిదేం కాదు. మన అనంతపురం జిల్లాను చీల్చుకుంటూ 44వ నంబరు జాతీయ రహదారి పోతోంది. సెలవు రోజుల్లో బెంగళూరు కుర్రకారు ఖరీదైన బండ్లేసుకుని లేపాక్షి వైపు దూసుకొస్తుంటారు. మనవాళ్ల పిల్లలేమో టెక్సాస్‌లో, వర్జీనియాలో, గల్ఫ్‌లో స్టీరింగ్ పడుతున్నారు. అందుకే ఈసారి వేగం, దాన్ని పట్టే యంత్రం, ఆ యంత్రాన్ని పసిగట్టే యంత్రం, వీటన్నిటికీ పెద్దదిక్కులాంటి లేన్ క్రమశిక్షణ గురించి కొన్ని ముచ్చట్లు.

తొలి జరిమానా 13 కి.మీ. వేగానికే

అతివేగానికి శిక్షపడిన తొలి కారు డ్రైవరుగా చరిత్రకెక్కినవాడు ఇంగ్లండులోని కెంట్ ప్రాంతానికి చెందిన వాల్టర్ ఆర్నాల్డ్. 1896 జనవరిలో గంటకు 8 మైళ్ల వేగంతో, అంటే సుమారు 13 కి.మీ.తో ఊళ్లోంచి పోయాడు. అప్పట్లో ఊళ్లో హద్దు 2 మైళ్లే. భోజనం చేస్తున్న కానిస్టేబుల్ లేచి, సైకిలెక్కి తరిమి పట్టుకున్నాడు. వేగానికి పడిన జరిమానా ఒక షిల్లింగు, ఖర్చులు అదనం.

పోలీసు చేతికి ఆయుధమిచ్చిన రేసు వీరుడు

మారిస్ గాట్సోనిడెస్ డచ్ ర్యాలీ డ్రైవర్. 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. మలుపుల్లో తన వేగం సరిగ్గా ఎంతుందో తెలిస్తే ఇంకాస్త పెంచుకోవచ్చు కదా అని ఓ పరికరం తయారు చేసుకున్నాడు. రోడ్డుకు అడ్డంగా రెండు రబ్బరు గొట్టాలు. మొదటిదాని మీద చక్రం పడగానే గడియారం మొదలు, రెండోదాని మీద పడగానే ఆగుతుంది. మధ్య దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వచ్చేస్తుంది. అది పోలీసుల కళ్లబడింది. ఆయన 1958లో పెట్టిన కంపెనీ ఆ తర్వాత స్పీడ్ కెమెరాలకే మారుపేరైంది. బ్రిటన్‌లో ఇప్పటికీ స్పీడ్ కెమెరాను చాలామంది 'గాట్సో' అనే పిలుస్తారు. వేగంగా పోవడానికి పుట్టిన యంత్రం చివరికి వేగానికి ముకుతాడైంది.

స్పీడ్ గన్ పుట్టింది విమానం కోసం

రాడార్‌తో బండి వేగం కొలిచే ఆలోచన రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో మొలిచింది. నీటి మీదా నేల మీదా దిగగల విమానాలు దిగేటప్పుడు చక్రాల సామగ్రి దెబ్బతింటోందని, దిగే వేగాన్ని కొలవడానికి జాన్ బార్కర్ అనే ఇంజినీరు, అతని తోటివాళ్లు ఓ రాడార్ పరికరం చేశారు. యుద్ధం అయిపోయాక అదే పరికరం రోడ్డు పక్కకు వచ్చింది. 1940ల చివర్లో కనెటికట్ పోలీసులే దాన్ని మొదట వాడారు.

మీ వేగానికి ఓ స్వరం ఉంది

ఎదురొచ్చే రైలు కూత సన్నగానూ, దాటిపోయాక బొంగురుగానూ వినిపిస్తుంది కదా? 1842లో క్రిస్టియన్ డాప్లర్ చెప్పింది ఈ మార్పు గురించే. రాడార్ గన్ కూడా అదే సూత్రం మీద నడుస్తుంది. అది పంపిన తరంగం కారుకు తగిలి తిరిగొచ్చేసరికి దాని పౌనఃపున్యం కాస్త మారుతుంది. 24 గిగాహెర్ట్జ్ గన్ ముందు గంటకు 100 కి.మీ. వేగంతో వచ్చే కారు తెచ్చే తేడా సెకనుకు సుమారు 4,450 ఆవృత్తులు. ఇది మనిషి చెవికి వినపడే శ్రేణిలోనే ఉంది. స్పీకర్ తగిలిస్తే మీ వేగాన్ని చెవితో వినొచ్చన్నమాట.

గన్ పక్కకు జరిగితే లాభం డ్రైవర్‌కే

'పోలీసోళ్లు పక్కనుంచి కొట్టారు, అందుకే ఎక్కువ చూపించింది' అని వాదించేవాళ్లుంటారు. లెక్క దానికి తలకిందులు. రాడార్ అయినా లేజర్ అయినా కొలిచేది తనవైపు వచ్చే వేగాన్నే. 20 డిగ్రీల కోణంలో నిలబడి కొలిస్తే, 100తో పోయే కారు 94గానే కనిపిస్తుంది. అలాంటప్పుడు గన్ 105 చూపించిందంటే మీరు పోయింది అంతకన్నా ఎక్కువే.

లేజర్ ముందు డిటెక్టర్ చేసేది ఏమీ లేదు

మన రహదారుల మీద స్టాండుకు బిగించి, వెనక ఇద్దరు పోలీసులు నిలబడి కనిపించేది ఎక్కువగా లేజర్ గన్. అది కంటికి కనపడని కాంతి తునకల్ని సెకనుకు వందల సంఖ్యలో వదిలి, అవి తిరిగొచ్చే కాలాన్ని బట్టి దూరం లెక్కిస్తుంది. దూరం ఎంత త్వరగా తగ్గుతోందో అదే వేగం. 300 మీటర్ల దూరంలో ఆ కిరణం వెడల్పు సుమారు ఒక మీటరే. గుంపులో ఉన్నా సరే, గురి పెట్టిన ఒక్క బండినే అది పట్టుకుంటుంది. అరసెకనులో పని అయిపోతుంది. పోలీసు గన్‌ను పసిగట్టడానికి కారులో పెట్టుకున్న డిటెక్టర్ కూతపెట్టి మీరు బ్రేక్ మీద కాలేసేటప్పటికి అంకె తెరమీదకు వచ్చేసి ఉంటుంది. ఇక నంబరు ప్లేటు చదివే కెమెరాలైతే రాడార్ తరంగాలు వదలవు. వదలనిదాన్ని డిటెక్టర్ ఎలా పసిగడుతుంది?

డిటెక్టర్‌కు తల్లి: చమురు కరువు

రాడార్ డిటెక్టర్లలో తొలినాళ్ల ప్రసిద్ధమైనది 'ఫజ్‌బస్టర్'. తాను రాడార్‌కు దొరికిపోయిన ఉక్రోషంతో ఒహాయోకు చెందిన డేల్ స్మిత్ దాన్ని రూపొందించాడు. దానికి గిరాకీ తెచ్చింది మాత్రం చమురు సంక్షోభమే. పెట్రోలు పొదుపు కోసం 1974లో అమెరికా దేశమంతా గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కి.మీ. హద్దు పెట్టింది. విశాలమైన రోడ్ల మీద అంత నెమ్మదిగా పోలేక లారీ డ్రైవర్లు, స్పోర్ట్స్ కార్ల వాళ్లు డిటెక్టర్ల వెంటపడ్డారు. ఆ దేశవ్యాప్త హద్దును 1995లో పూర్తిగా ఎత్తేశారు. అప్పటికి డిటెక్టర్ల వ్యాపారం స్థిరపడిపోయింది.

డిటెక్టర్‌ను పట్టే డిటెక్టర్

వర్జీనియా రాష్ట్రంలో, పక్కనే ఉన్న వాషింగ్టన్ డీసీలో కారులో రాడార్ డిటెక్టర్ వాడటం నేరం. అమెరికాలో పెద్ద వాణిజ్య వాహనాలకైతే దేశమంతటా నిషేధమే. దాచిపెట్టుకుంటే ఎలా తెలుస్తుంది అంటారా? చాలా డిటెక్టర్లలో తరంగాల్ని పోల్చి చూడటానికి ఓ చిన్న డోలకం ఉంటుంది. దాన్నుంచి కొద్దిపాటి సంకేతం బయటికి కారుతుంది. ఆ లీకును పట్టే పరికరం పోలీసుల దగ్గరుంటుంది. ఆష్‌బర్న్, హెర్న్‌డన్ లాంటి వర్జీనియా పట్టణాల్లో మన తెలుగువాళ్లు దండిగా ఉన్నారు. వేరే రాష్ట్రం నుంచి కారుతో పాటు డిటెక్టర్‌నూ తెచ్చుకునేవాళ్లకు ఇది తెలిసుండటం మంచిది.

ఒకే అంకె: ఒకచోట హద్దు, ఇంకోచోట జైలు

టెక్సాస్‌లో ఆస్టిన్ దగ్గర 130వ నంబరు టోల్ రోడ్డులో కొంత భాగానికి గంటకు 85 మైళ్ల హద్దు ఉంది. కిలోమీటర్లలో చెప్పాలంటే 137. 2012లో తెరిచిన ఆ రోడ్డుదే అమెరికాలో అతి ఎక్కువ వేగపరిమితి. వర్జీనియాలో అదే 85 మైళ్లు దాటితే, హద్దు ఎంతున్నా సరే, అది మామూలు చలానాతో పోదు. ప్రమాదకర డ్రైవింగ్ కింద క్రిమినల్ కేసు అవుతుంది. 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా పడే వీలుంది. వీసా మీద ఉన్నవాళ్లకు క్రిమినల్ రికార్డు ఎంత తలనొప్పో వేరే చెప్పాలా?

పక్క జిల్లా కారులోనూ రాడార్

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో సెల్టోస్ కార్లను బయటికి పంపడం మొదలుపెట్టింది. 2023లో వచ్చిన కొత్త రూపంలో, ఖరీదైన వేరియంట్లకు రాడార్లు కూడా పెట్టారు. ముందున్న బండికి మరీ దగ్గరైతే హెచ్చరించడం, పక్క లేన్‌లో కంటికి కనపడకుండా ఉన్న బండిని చూపడం వాటి పని. కొన్ని రకాల కార్లలో ఇలాంటి రాడార్లు పోలీసు గన్ వాడే తరంగాల దగ్గరే పనిచేస్తాయి. దాంతో పక్క కారును చూసి డిటెక్టర్ 'పోలీస్ పోలీస్' అని అరిచే సందర్భాలు ఎక్కువైపోయాయి. దుకాణాల ముందు వాటంతటవే తెరుచుకునే తలుపులను చూసినా అది అంతే.

మన దేశీ డిటెక్టర్: హెడ్‌లైటు

పైసా ఖర్చులేని డిటెక్టర్ మన లారీ డ్రైవర్ల దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఎదురొచ్చే బండికి రెండుసార్లు లైట్లు కొడితే 'ముందర చెకింగ్ ఉంది, చూసుకో' అని అర్థం. ఇప్పుడు ఫోనులోని గూగుల్ మ్యాప్స్ కూడా స్పీడ్ కెమెరాలను చూపిస్తోంది. ఈ పద్ధతులన్నిటిదీ ఒకటే లోపం. పోలీసు ఎక్కడున్నాడో చెబుతాయి. వెనక లైటు లేని ట్రాక్టరు ఎక్కడుందో చెప్పవు.

కెమెరా ఉందని సర్కారే బోర్డు పెడుతుంది

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 136ఎ అనే కొత్త సెక్షన్ చేరింది. రోడ్ల మీద ఎలక్ట్రానిక్ నిఘా గురించి అది చెబుతుంది. దాని కింద 2021 ఆగస్టులో 167ఎ నిబంధన వచ్చింది. కెమెరా, స్పీడ్ గన్ లాంటి వాటికి ఏటా ధ్రువీకరణ ఉండాలి. అవి ఉన్నచోట డ్రైవర్లకు కనపడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలి. ఇలాంటి నిఘా పెట్టాల్సిన నగరాల జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 ఉన్నాయి, వాటిలో అనంతపురం ఒకటి. బోర్డు చదివే ఓపిక ఉంటే డిటెక్టర్ కొనే ఖర్చు తప్పుతుంది.

80 దాటితే కారే గుర్తుచేస్తుంది

2019 జులై నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ వేగ హెచ్చరిక తప్పనిసరి. 80 కి.మీ. దాటితే ఉండుండి ఓ బీప్. 120 దాటితే ఆగకుండా మోత. పాటల శబ్దం పెంచి దాన్ని వినపడకుండా చేసుకునేవాళ్లూ ఉన్నారు.

మీటరు ఎప్పుడూ కాస్త ఎక్కువే చెబుతుంది

కారు మీటరు 100 చూపిస్తుంటే ఫోనులో జీపీఎస్ 95 చూపిస్తుంది. మీటరు చెడిపోయిందని కంగారు పడక్కర్లేదు. అసలు వేగం కన్నా మీటరు తక్కువ చూపకూడదన్నది ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన. ఎక్కువ చూపడానికి మాత్రం అసలు వేగంలో పదో వంతు, దానిపైన 4 కి.మీ. దాకా వెసులుబాటు ఉంది. అందుకే కంపెనీలు జాగ్రత్తపడి ఎక్కువవైపే మొగ్గుతాయి.

మన హద్దులు ఇవీ

కేంద్రం 2018 ఏప్రిల్‌లో ప్రకటించిన గరిష్ఠ పరిమితులు: కార్లకు ఎక్స్‌ప్రెస్‌వే మీద 120, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 100, మిగతా రోడ్ల మీద 70. బైకులకు నాలుగు వరుసల రోడ్డు మీద 80, మిగతా చోట్ల 60. సరుకు లారీలకు 80, 60. ఆటోలకు ఎక్కడైనా 50. రాష్ట్రాలు, పోలీసులు వీటిని తగ్గించవచ్చు. అంటే అనంతపురంలో 44వ రహదారి మీద 100తో పోయిన కారు, కళ్యాణదుర్గం వైపు తిరిగి డివైడర్ లేని రాయదుర్గం రోడ్డెక్కగానే 70కి దిగాలి. రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉందనేది మినహాయింపు కాదు.

హద్దు దాటితే

సెక్షన్ 183 ప్రకారం అతివేగానికి కారుకు 1,000 నుంచి 2,000 రూపాయలు, లారీలు, బస్సుల్లాంటి పెద్ద బండ్లకు 2,000 నుంచి 4,000. రెండోసారి దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. రోడ్డు మీద పందేలకు దిగితే సెక్షన్ 189 వేరే ఉంది, అందులో జైలు కూడా ఉంది. మైనరు కొడుక్కి తాళం చెవి ఇచ్చిన తండ్రికి 199ఎ కింద మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా; బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు.

కోటీశ్వరుడికి కోటి లెక్క

మన దగ్గర ఆటోకైనా లంబోర్గినికైనా జరిమానాలో పెద్ద తేడా లేదు. ఫిన్లాండ్‌లో జరిమానాను ఆదాయాన్ని బట్టి వేస్తారు. 2023లో 50 కి.మీ. హద్దు ఉన్నచోట 82తో పోయిన ఓ సంపన్నుడికి 1,21,000 యూరోలు పడింది, అంటే కోటి రూపాయలకు పైమాటే. స్విట్జర్లాండ్‌లోనూ ఇలాంటి పద్ధతే ఉంది. 2010లో అక్కడ ఓ మెర్సిడెస్ స్పోర్ట్స్ కారు గంటకు 290 కి.మీ. వేగంతో దొరికింది. పాత కెమెరాలు అంత వేగాన్ని కొలవలేక వదిలేశాయి. కొత్తగా పెట్టిన యంత్రం పట్టేసింది.

ఒక్క ఓవర్‌టేక్‌కు 280 మీటర్లు

రాయదుర్గం రోడ్డు లాంటి రెండు వరుసల దారిలో 50తో పోయే లారీని 70తో పోయే కారు దాటాలనుకోండి. లారీ పొడవు, ముందువెనకల ఖాళీ కలిపి సుమారు 40 మీటర్లు అదనంగా పోవాలి. దానికి ఏడు సెకన్లకు పైగా పడుతుంది. ఆ లోపు మీరు 140 మీటర్లు పోతారు. ఎదురుగా 70తో వచ్చేవాడు ఇంకో 140 మీటర్లు వస్తాడు. అంటే కనీసం 280 మీటర్ల రోడ్డు ఖాళీగా కనపడాలి. ఎదురొచ్చేవాడు 120తో వస్తుంటే 380 మీటర్లు కావాలి. ఇక్కడే ఉంది చిక్కు. దూరంలో ఉన్న కారు 70తో వస్తోందో 120తో వస్తోందో మనిషి కన్ను తేల్చుకోలేదు. 'అందరిలాగే వస్తున్నాడులే' అనుకుని లెక్కేసుకుంటుంది. ఒక్కడు హద్దు దాటితే, నియమంగా పోయే ఇంకొకడి లెక్క కూడా తప్పుతుంది.

70కి 100కి తేడా 30 కాదు

ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తి వేగం వర్గంతో పెరుగుతుంది. 70 నుంచి 100కి పోతే శక్తి రెట్టింపు దాటుతుంది. 70తో గుద్దుకోవడం ఆరంతస్తుల మేడ పైనుంచి పడటంతో సమానమైతే, 100తో గుద్దుకోవడం పదమూడంతస్తుల పైనుంచి పడటంతో సమానం. ప్రమాదం చూసి కాలు బ్రేక్ మీదకు వెళ్లడానికే ఒకటిన్నర సెకను పడుతుంది. 100 వేగంలో ఆ కాస్త సేపట్లోనే కారు 42 మీటర్లు పోయి ఉంటుంది, బ్రేక్ ఇంకా పడనే లేదు.

ఎత్తు తక్కువ, చూపూ తక్కువే

లంబోర్గిని అవెంటడార్ అనే స్పోర్ట్స్ కారు ఎత్తు 1.14 మీటర్లే. నేలకు ఆనుకుని ఉండటం వల్ల మలుపుల్లో అది గట్టిగా నిలబడుతుంది. కానీ కూర్చున్నవాడి కళ్లు కూడా అంతే కిందుంటాయి. ముందు శనక్కాయల ట్రాక్టరు ఉంటే దాని అవతల ఏముందో ఏమీ కనపడదు. లారీ డ్రైవర్ పైనుంచి చూసి తేల్చుకున్నది స్పోర్ట్స్ కారు డ్రైవర్ ఊహించుకోవాల్సిందే.

స్పీడ్ బ్రేకర్‌కూ కొలతలున్నాయి

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. గంటకు 25 కి.మీ. వేగంతో కుదుపు లేకుండా దాటేందుకు వేసిన కొలత అది. పల్లెల ముందు రాత్రికి రాత్రి వెలిసే గట్లకు ఈ లెక్క పట్టదు. నేలకూ అడుగుభాగానికీ మధ్య జానెడు ఖాళీ కూడా లేని స్పోర్ట్స్ కార్లు అక్కడ కడుపు రాసుకుంటాయి. మన పల్లెల్లో కోట్ల రూపాయల బండిని ఆపగలిగేది గుప్పెడు సిమెంటే.

కుడి లేన్ లారీలదెందుకైంది?

2017 డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఎడమవైపు పోవాలి, దాటాలంటే కుడికి రావాలి, దాటాక మళ్లీ ఎడమకు తప్పుకోవాలి. 44వ రహదారి మీద చూస్తే లారీలు డివైడర్‌ను ఆనుకునే పోతుంటాయి. డ్రైవర్లను అడిగితే కారణం చెబుతారు: ఎడమ లేన్‌లో ఆగిన బండ్లు, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, ఊరి ఆటోలు, పశువులు. కుడివైపు పోతే పదేపదే బ్రేక్ కొట్టక్కర్లేదు. దాంతో వెనకొచ్చే వేగం బండి ఎడమనుంచి దూరి, మళ్లీ కుడికి తిరిగి, పాము నడక నడుస్తుంది. లారీ అద్దంలో ఎడమపక్క కనపడని చోటు ఎక్కువ. అంటే ఎడమ లేన్‌లో రాంగ్ రూట్‌లో వచ్చిన ఒక్క బైకు ఈ వరసంతటినీ చెరుపుతోంది. మందలించాల్సింది లారీనొక్కదాన్నే కాదు.

దాటనివ్వడం కూడా నిబంధనే

వెనకవాడు దాటుతుంటే పౌరుషానికి పోయి వేగం పెంచకూడదని నిబంధన స్పష్టంగా చెబుతుంది. మలుపులో, ముందు కనపడని ఎత్తు దగ్గర ఓవర్‌టేక్ చేయకూడదు. తెగని తెల్లగీత ఉంటే లేన్ మారకూడదు. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే జరిమానా 10,000 రూపాయలు.

158 కి.మీ.ల పాఠశాల

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కి.మీ., అటు నాలుగు ఇటు నాలుగు వరుసలు. 2023లో అక్కడ గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు. పెంచుతూనే లేన్లు పంచారు. డివైడర్ పక్కనున్న రెండు వరుసలు 100 నుంచి 120తో పోయేవాళ్లకు, ఎడమవైపు రెండూ 80 దాకా పోయేవాళ్లకు. 40 కన్నా తక్కువ పోకూడదు. బైకులకు, పాదచారులకు ప్రవేశం లేదు. వంకరటింకరగా లేన్లు మారినా తప్పే.

పేరు ఒకటే, ఊరు వేరు

మన రాయదుర్గానికి హైదరాబాద్‌లో ఓ పేరుబంధువు ఉంది, ఐటీ కంపెనీల రాయదుర్గం. దాని పక్కనే బయోడైవర్సిటీ కూడలి దగ్గర 2019 నవంబరు 4న ఓ ఫ్లైఓవర్ తెరిచారు. వేగపరిమితి 40. మూడు వారాలు తిరగకముందే, నవంబరు 23న, ఓ కారు 100 కి.మీ.కి పైగా వేగంతో మలుపు తిరగలేక అంచు దాటి కింద రోడ్డు మీద పడింది. కింద నిలబడిన ఓ మహిళ చనిపోయింది. వంతెన మూసి, వేగాన్ని తగ్గించే ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. ఆ కారు లంబోర్గిని కాదు, మామూలు హ్యాచ్‌బ్యాక్. అతివేగానికి స్పోర్ట్స్ కారే ఉండక్కర్లేదు.

పదిమంది చనిపోతే ఏడుగురు

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71.2 శాతం అతివేగం ఖాతాలోవేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెప్పింది.

నెమ్మదిగా పోయినా జరిమానా

గల్ఫ్‌లో బండి నడిపే మనవాళ్లకు ఇది బాగా తెలుసు. అబుదాబిలో షేక్ మహమ్మద్ బిన్ రషీద్ రోడ్డు మీద 2023లో కొత్త నిబంధన పెట్టారు. వేగంగా పోయే రెండు లేన్లలో 120కి తగ్గితే 400 దిర్హాముల జరిమానా. అక్కడ గరిష్ఠం 140. 2025లో ఆ కనీస వేగాన్ని ఎత్తేశారు గానీ సూత్రం అందరికీ ఎక్కింది: నెమ్మదిగా పోవాలంటే పో, కానీ నీ లేన్‌లో పో.

హద్దులేని రోడ్డు మీద అసలు హద్దు

జర్మనీ ఆటోబాన్‌లో సుమారు 70 శాతం భాగానికి శాశ్వత వేగపరిమితి లేదు, 130 అనేది సలహా మాత్రమే. పోర్షే అక్కడ 250తో పోగలుగుతోందంటే ఇంజిను ఒక్కటే కారణం కాదు. ఆ దేశంలో బండ్లు కుడివైపు నడుస్తాయి. దాటడం అయిపోయాక ఎడమ లేన్‌లో తిష్ఠవేయడం తప్పు, కుడివైపు నుంచి దూరి దాటడం ఇంకా పెద్ద తప్పు. ట్రాఫిక్ నిలిచిపోయిందంటే అంబులెన్సు కోసం లేన్ల మధ్య దారి విడిచి నిలబడాలి, ప్రమాదం కనపడకపోయినా సరే.

టైరు మీద ఓ అక్షరం

టైరు పక్కన కొలతల చివర ఓ ఇంగ్లిషు అక్షరం ఉంటుంది. ఎస్ అంటే 180 కి.మీ. దాకా, హెచ్ అంటే 210, వి అంటే 240, వై అంటే 300. ఆ వేగాలు సరిగ్గా గాలి ఉన్న, చెడిపోని టైరుకు వర్తిస్తాయి. మన ఎండల్లో గాలి తక్కువైన టైరు పక్కలు వంగివంగి వేడెక్కి పగులుతుంది. అప్పుడు అక్షరం ఏదైనా ఒకటే.

తొలి వానే ఎక్కువ జారుడు

వాన అంతంతమాత్రంగా పడే జిల్లా మనది. నెలల తరబడి ఎండిన రోడ్డు మీద దుమ్ము, నూనె, రబ్బరు పొడి పేరుకుంటాయి. తొలి చినుకులకు అవన్నీ కలిసి జిగురవుతాయి. జోరువాన వస్తే కొట్టుకుపోతాయి గానీ నాలుగు చినుకులైతే టైరు పట్టు తప్పుతుంది. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి నది ఒడ్డున గాలికి కదిలే ఇసుకదీ అదే తంతు. తారు మీద పలచని ఇసుక పొర ఎంత ఖరీదైన టైరునైనా జారుస్తుంది. కోతల కాలంలో రోడ్డు మీద పరిచిన కంకులు సరేసరి.

మిగిలేది ఎన్ని నిమిషాలు?

అనంతపురం నుంచి రాయదుర్గం వంద కి.మీ.లకు అటూఇటూ. 70తో ఎక్కడా ఆగకుండా పోతే 86 నిమిషాలు, 90తో పోతే 67. కాగితం మీద 19 నిమిషాలు మిగిలాయి. 90 నుంచి 110కి పెంచితే మిగిలేది 12 నిమిషాలే. వేగం పెరిగేకొద్దీ అదే ఇరవై కి.మీ. పెంపుకు దక్కే లాభం తగ్గుతుంది, దెబ్బ మాత్రం పెరుగుతుంది. ఆపైన కళ్యాణదుర్గం ఊళ్లో ఒక్క గొర్రెల మంద అడ్డం వస్తే ఆ లాభమూ ఆవిరే.

ఉబలాటం తీర్చుకోవడానికి చోటుంది

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కారి స్పీడ్‌వే రేసు ట్రాకులు. ఇందోర్ దగ్గర పీథంపూర్‌లో 2021లో ప్రారంభించిన నాట్రాక్స్ పరీక్షా ట్రాకు 11.3 కి.మీ. పొడవు. తెలుగు నేల మీద 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు.

ఫార్ములా వన్‌లోనూ స్పీడ్ లిమిట్!

గంటకు 300 దాటే ఆ కార్లకు టైర్లు మార్చుకునే పిట్ లేన్‌లో హద్దు సాధారణంగా 80 కి.మీ., ఇరుకైన మొనాకోలో 60. ప్రాక్టీసులో హద్దు దాటితే కి.మీ.కి వంద యూరోల చొప్పున జరిమానా కట్టాలి. రేసులోనైతే సెకన్ల శిక్ష పడి గెలుపే చేజారవచ్చు. ఒక చుట్టు వెనకబడినవాడికి నీలి జెండా చూపిస్తే వేగంగా వచ్చేవాడికి దారి వదలాలి, మూడు జెండాల దాకా పట్టించుకోకపోతే దానికీ శిక్షే. ఈ నియమాలు పాటించేవాళ్లు ప్రపంచంలోకెల్లా వేగంగా బండి నడిపేవాళ్లు. వాళ్లకు దారి ఇవ్వడం నామోషీ కానప్పుడు, కళ్యాణదుర్గం రోడ్డు మీద మనకెందుకు కావాలి?